కనబడుట లేదు

వార్తాపత్రికలలో గడిపిన ముప్పదియేండ్లలో నేను నేర్చిన విద్యలలో మిక్కిలి చిన్నది, ఎవరును విద్యగా లెక్కింపనిది, అయినను నాకు నేటికిని అభిమానపాత్రమైనది ఒకటి కలదు: తప్పిపోయినవారిని గూర్చిన ప్రకటన వ్రాయుట. సంపాదకీయములు వ్రాసిన చేతులకు శాలువలు లభించినవి. శాసనసభా కలాపములను వర్ణించినవారికి ఇండ్లస్థలములు లభించినవి. కాని ఒక కాలమ్ వెడల్పున, మూడంగుళముల నిడివిలో, నల్లని గీతల నడుమ, తలపై 'కనబడుట లేదు' అను రెండు మాటలును కాళ్లకడ ఒక చిరునామాయు పెట్టుకొని పడియుండెడి ఆ చిన్న ప్రకటనను వ్రాసినవాడెవడని ఎవరును అడిగి యెరుగరు.

బెజవాడలో నేను పనిచేసిన పత్రికలో, రాత్రి ఎనిమిది దాటి ప్రకటనల గుమాస్తా ఇంటికి పోయినపిమ్మట ఆ పని మా బల్లమీదికి వచ్చెడిది. వచ్చెడివారు తరచుగా ముగ్గురుండెడివారు. ఒకరు మాటలాడెడివారు, ఒకరు ఏడ్చెడివారు, మూడవవారు సైకిళ్లు చూచుకొనుచు గుమ్మమువద్ద నిలిచెడివారు. వయస్సెంత, ఎత్తెంత, చాయ యేది, పోయిననాడు కట్టిన బట్టలేవి, ఆనవాళ్లేవి అని నేను వరుసగా అడిగెడివాడను. ఈ ప్రశ్నలకు అన్నదమ్ములు చెప్పు సమాధానమునకును తల్లి చెప్పు సమాధానమునకును గల అంతరమును అక్కడనే తెలిసికొంటిని. అన్న 'అయిదున్నర అడుగులుంటాడండి' అని ఊరకుండును. తల్లి లేచి నిలిచి, తన చెవితమ్మెకు ఒకింత పైగా అరచేయి నిలిపి, 'ఇంతుంటాడు బాబూ' అనును. అట్లు నిలిచిన తల్లుల చేతిక్రింద గోడపై పెన్సిలుతో గీత గీచి, స్కేలుపెట్టి కొలిచి, అంగుళములుగా మార్చి వ్రాసిన రాత్రులు నాకు పెక్కు కలవు. సున్నము వేయించునపుడు ఆ గీతలను చూచి, ఈ కార్యాలయమున పిల్లలెవరు పెరుగుచున్నారని మేస్త్రీ అడిగెను.

అయితే ఆ ప్రకటనకు ప్రాణము వర్ణనలో లేదు. చిట్టచివర ఒక పంక్తి యుండును. 'అమ్మ అన్నము ముట్టుట లేదు. నిన్నెవరును ఏమియు అనరు. వెంటనే రావలెను.' పత్రిక యంతటిలో, ముప్పదివేల పాఠకులను ప్రక్కకు నెట్టి, ఒక్క మనుష్యునితో ఏకాంతముగా మాటలాడు వాక్యము ఆ యొక్కటే. పంక్తికి ఇంత అని రుసుము కట్టవలసివచ్చినపుడు బీదవారు మొట్టమొదట దానినే కొట్టివేయుమనెడివారు. ఎత్తు, చాయ అయినను తీసివేయుదునుగాని ఆ పంక్తిని నేను తీయనిచ్చెడివాడను కాను.

1978 ఆగస్టులో ఒకనాటి రాత్రి ముగ్గురు వచ్చిరి. వారిలో ఏడ్చువారు లేరు. మఫ్టీలో ఉండిరిగాని కాళ్లకు ఎర్రబూట్లుండెను. మా ఊరిలో ఆ బూట్లనుబట్టి బడిపిల్లలు కూడ పోలీసును పట్టగలరు.

"మేం స్పెషల్ బ్రాంచి నుంచండి. మా పాత ఎస్సైగారు నాలుగు రోజులై కనపడటం లేదు."

ఆయన ఉద్యోగవిరమణ పొంది రెండేండ్లయినదట. భార్య ఆ వేసవిలోనే పోయినదట. కుమారుడెక్కడనో ఉత్తరాదిని ఉద్యోగములో ఉన్నాడట. ఈ ముగ్గురును ఒకప్పుడు ఆయనక్రింద పనిచేసినవారు. పైవారి ఉత్తరువు లేకయే, తమ విధులు ముగించుకొని రాత్రులందు వెదకుచుండిరి. బస్సుస్టాండు, రైలుస్టేషను, కృష్ణరేవులు, ఆసుపత్రులు, సత్రములు, లాడ్జీల రిజిస్టర్లు అన్నియు గాలించినారు. ఆయన చివరిదినపు నడవడిని వారు నాకు అప్పగించిన తీరును నేను మరువలేను: సాయంత్రము 5.40కి పాలవానితో మాటలాడెను, 6 గంటలకు వీధితలుపు గొళ్లెము పెట్టెను, తాళము వేయలేదు, 6.10కి కిళ్లీకొట్టువాడు చూచెను, చేతిలో సంచి లేదు. పరాయివాని వెంట నీడవలె తిరిగి సేకరించు సమాచారము ఎట్లుండునో, తమ గురువును గూర్చి వారు తెచ్చినదియు అట్లే యుండెను.

కాని ఎత్తెంత అని అడుగగా ముగ్గురును మూడు కొలతలు చెప్పిరి. చొక్కా రంగు 'బూడిద కావచ్చు' అనిరి. ఆనవాళ్లేవి అనగా ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. కడకు వారిలో పెద్దవాడు, హెడ్డు కానిస్టేబులు, కొంచెము గర్వముతోనే చెప్పెను: "ఆయనకు గుర్తులుండవండి. ఉంటే మా బ్రాంచికి పనికొచ్చేవారు కాదు."

భార్యపేరు ఏమని అడిగితిని. అదియు వారెరుగరు. 'అమ్మగారు అనేవాళ్లమండి' అనిరి.

ఆనాటి కథను ఇక్కడ కొంచెము నిలిపి, దానితో నా మనస్సున ముడిపడియున్న వేరొక దేశపు సంగతి చెప్పవలసియున్నది. అమెరికా గూఢచారిసంస్థయైన సి.ఐ.ఏ.కు 1973 నుండి 1976 మొదటివరకు అధిపతిగానుండిన విలియం కోల్బీ తన ఆత్మకథను అచ్చువేసినదియు ఆ 1978లోనే. గూఢచారి యనువాడు భోజనశాలలో కూర్చున్నను వడ్డించువాని కంటబడనంత సామాన్యుడుగా, బూడిదరంగు మనిషిగా ఉండవలెనని ఆయన అందులో వర్ణించెను. నేను కొన్నియేండ్ల తరువాత దానిని చదివినపుడు మా హెడ్డు మాటయే చెవిలో మ్రోగినది. ఒక వృత్తి యంతయు మనుష్యుని ముఖమునుండి ఆనవాళ్లను తుడిచివేయుటయందే ప్రావీణ్యము సంపాదించినపుడు, ఆ మనుష్యుడే తప్పిపోయినచో మావంటి ప్రకటనకర్తలు 'ఆనవాళ్లు' అనుచోట ఏమి వ్రాయవలెను?

ఈ ప్రశ్న ఆ సంస్థవారికే రెండుమారులు, రెండును మేరీలాండు రాష్ట్రపు నీళ్లయందే, ఎదురయినది. మొదటిది 1978 సెప్టెంబరులో. 1974లో విరమణ పొందిన జాన్ పైస్లీ అను ఉన్నతోద్యోగి ఒంటరిగా తెరచాపపడవనెక్కి చెసపీక్ అఖాతములోనికి పోయెను. పడవ ఒడ్డునకు తగిలి నిలిచినది, మనిషి లేడు. వారముదినములకు శవము తేలినది. నడుమునకు మునకవాండ్రు కట్టుకొను బరువులు, చెవివెనుక తుపాకిగాయము. ఆత్మహత్యయని అధికారులనిరి. అయితే శవపరీక్షాపత్రములోని ఎత్తునకును ఆయన పాతకాగితములలోని ఎత్తునకును కొన్ని అంగుళముల భేదము కనబడుటచేత, అది ఆయన దేహమేనా యను వివాదము చాలకాలము నడిచినది. టెలిప్రింటరుమీద ఆ వార్త చూచిన రాత్రి మా గోడమీది గీతలు నాకు జ్ఞప్తికి వచ్చినవి. లోకమునందలి క్షిపణులను లెక్కించిన సంస్థకు తన మనిషి ఎత్తు తెలియలేదని పరిహసించుట సులభమే. కాని పదునెనిమిదేండ్లు కలిసి పనిచేసిన నా ప్రక్కబల్ల మిత్రుని ఎత్తు నన్నడిగినచో నేనును తెల్లమొగము వేయుదును.

రెండవమారు తప్పిపోయినవాడు కోల్బీయే. 1996 ఏప్రిల్ 27, శనివారము. వయస్సు 76. పొటోమాక్ నది దిగువను రాక్‌పాయింటు అనుచోట ఆయనకు వారాంతములందు విడిసెడి చిన్న యిల్లు ఉండెడిది. ఆ సాయంత్రము దూరమున నున్న భార్యతో ఫోనులో మాటలాడి, ఒంట్లో అంత బాగుగా లేదనుచునే, ఒంటరిగా చిన్న తెడ్డుపడవలో బయలుదేరెను. మరునాడు ఇంటికి పావుమైలు దూరమున ఇసుకతిన్నెమీద పడవ కనబడినది. హెలికాప్టర్లు, మరపడవలు, ఈతగాండ్రు నీళ్లు గాలించిరి. తొమ్మిదవదినమున, మే 6న, పడవ చిక్కినచోటికి దగ్గరనే బురదయొడ్డున దేహము దొరికినది. గుండెపోటో పక్షవాతమో వచ్చి నీటపడి, చలికి కొయ్యబారి మునిగిపోయెనని వైద్యాధికారి నిర్ణయించెను. ఒంటిమీద ప్రాణరక్షక కవచము లేదు. ఆయన సాధారణముగా దానిని ధరించెడివాడని భార్య చెప్పినది.

ఆయన చేతులకు మరక లేదని నేననను. వియత్నాములో ఆయన నడిపిన ఫీనిక్స్ పథకమున 20,000 మందికి పైగా హతులైరని 1971లో తమ ప్రతినిధిసభాసంఘమునెదుట తానే ఒప్పుకొన్నాడు. 1975లో సంస్థయొక్క పాతపాపములను శాసనకర్తల ముందు పెట్టినందున సహోద్యోగులు పెక్కుమంది ఆయనను క్షమింపలేదు. కాని నేను చెప్పదలచినది వేరు. 1973 వసంతమున, అధిపతిపదవికి ఆయన పేరు ప్రకటింపబడుటకు కొద్దికాలము ముందు, ఆయన కుమార్తె కేథరిన్ మూర్ఛవ్యాధితోను, అన్నము సహింపని మరియొక వ్యాధితోను కృశించి మరణించినది. బయటివారి యెదుట ఆయన ముఖమున ఏ మార్పును కనబడలేదట. కుమారుడు కార్ల్ 2011లో తండ్రినిగూర్చి తీసిన చిత్రమునకు 'ఎవరును ఎరుగని మనిషి' యని అర్థమువచ్చు పేరు పెట్టి, ఆ బిడ్డకు తాను చేయవలసినది చేయలేదను వ్యథయే తండ్రిని కడకు ఆ నీటిలోనికి నడిపెనేమో యని సూచించెను. కుటుంబములోని ఇతరులు దానిని ఒప్పుకొనలేదు. నేను వైద్యాధికారి మాటనే నమ్ముదును. కొడుకు దుఃఖము సాక్ష్యము కాదు. అయినను, ఒకే యింటిలో పెరిగినవారు ఒక తండ్రి శోకము ఎక్కడనుండెనో ఏకాభిప్రాయమునకు రాలేకపోవుట, ఆ బూడిదరంగు ఎంతలోతునకు ఇంకినదో చెప్పుచున్నది.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున ఈ గూఢచారవృత్తికి మనుష్యులను ఎక్కడనుండి తేవలెనో చెప్పినచోట నాకు ఎప్పుడును ఆశ్చర్యము కలుగును. సన్యాసమునుండి జారినవాడు ఉదాస్థితుడు. సేద్యము చెడినవాడు గృహపతికుడు. వర్తకము చెడినవాడు వైదేహకుడు. ఏదో యొకటి పోగొట్టుకొనినవారే చారులుగా రాణింతురని ఆ మహానుభావుడు కనిపెట్టెను. ఈ శాఖలవారు ఒకరి నొకరు ఎరుగకుండవలెననియు విధించెను. పనిలో చనిపోయినవాని భార్యాబిడ్డలకు భత్యము కూడ ఏర్పరచెను. భార్య చనిపోయిన చారుని ఎవరు పలుకరింపవలెనో మాత్రము నేనెంత వెదకినను ఆ గ్రంథమున కనబడలేదు.

అట్టివానిని ఎట్లు పిలువవలెనో తెలియుటకు మనము కౌటిల్యుని విడిచి నన్నయభట్టు తెనిగించిన అరణ్యపర్వమునకు పోవలెను. నలోపాఖ్యానమున రెండు అన్వేషణములున్నవి. మొదటిది దమయంతికొఱకు. సుదేవుడను బ్రాహ్మణుడు చేదిరాజు నగరమున ఆమెను చూచి, కనుబొమల నడుమ మట్టి కప్పియున్న పుట్టుమచ్చను ఆనవాలుగా చెప్పెను. మట్టి కడుగగా మచ్చ బయటపడినది. మా ప్రకటనలన్నియు ఈ సుదేవుని సంప్రదాయములోనివి. కాని రెండవది నలునికొఱకు. అతనికి కర్కోటకుని కాటుచేత రూపమే మారిపోయినది, చేతులు కురుచయైనవి, బాహుకుడను పేరుతో ఋతుపర్ణుని గుఱ్ఱపుశాలలో సూతుడై దాగియున్నాడు. అట్టివానికి ఎత్తేమి, చాయయేమి? దమయంతి ఆ సంగతి ఊహించినదానివలె, బ్రాహ్మణులకు వర్ణన ఒక్కటియు ఈయక, ఒక ప్రశ్నమాత్రము ఇచ్చి పంపెను: సగము చీర చించుకొని, నిద్రించుచున్న భార్యను అడవిలో విడిచిపోయిన జూదరీ, నీవెక్కడ నున్నావు? ఊరూర, సభసభలో దీనిని పలుకుడు. ఎవడు చలించి బదులు చెప్పునో వానిని గుర్తుపెట్టుకొని రండు. అయోధ్యలో పర్ణాదుడు పలికినపుడు రాజు మాటాడలేదు, సభ మాటాడలేదు. కురుచచేతుల సారథి యొకడు వెనుకనే వచ్చి, చాటుకు పిలిచి, నిట్టూర్చి, కన్నీరు నించి, బదులు చెప్పెను. దమయంతి వంటి ప్రకటనకర్త మరల పుట్టలేదని నా అభిప్రాయము. పత్రికలలో ఆ చివరిపంక్తిని మొట్టమొదట చేర్చిన పుణ్యాత్ముడెవడో అతడు ఈ కథ విన్నవాడేయని తలంతును.

ఆ ఆగస్టు రాత్రి ఇదియంతయు నాకు ఇంత స్పష్టముగా తోచినదని చెప్పను. నేను హెడ్డుతో, చివరిపంక్తి యొకటి కావలెనని మాత్రము చెప్పితిని. "పిల్లలైతే అమ్మ ఏడుస్తోందంటాం. ఈయనకేమంటాం?" అంటిని. హెడ్డు ఆలోచించి, "పెన్షను కాగితాలొచ్చాయని రాయండి" అనెను. వలదంటిని. ఆయనకు ఇష్టమైనదేది, ఆమెను గూర్చి ఎప్పుడైన ఏమైన అనెనా, ఆ యింటికి మీలో ఎవరు పోయి వచ్చుచుండిరి అని అడుగగా, అంతవరకు గుమ్మమువద్ద సైకిళ్లు చూచుకొనుచున్న చిన్న కానిస్టేబులు లోపలికి వచ్చెను.

"అమ్మగారు ఆవకాయ పెట్టిన రెండోరోజు రాత్రి పోయారండి. మూడోనాడు తిరగకలపాలి కదండీ. పన్నెండోరోజున చుట్టాలావిడెవరో జాడీ వాసెన విప్పబోతే, ఎవరూ ముట్టుకోవద్దన్నారండి. అంతే. ఇంకా అలాగే ఉందండి. నాలుగురోజుల కిందట కూడా చూశాను."

మూడునెలలు. వంటయింటి మూలను, పీటమీద, తెల్లగుడ్డ వాసెన కట్టిన జాడీ. ఒకప్పుడు నలుబదిరాత్రులు ఆ యింటికి కాగితములు మోసిన కుర్రవాడు మజ్జిగ త్రాగుచు క్రీగంట చూచినది ఆ యొక్కటి. ముగ్గురి నివేదికలోను అది చేరలేదు, ఏలయన అది సమాచారమని ఎవరికిని తోచలేదు.

నేను వ్రాసితిని: 'అమ్మగారు పెట్టిన ఆవకాయ జాడీ వాసెన విప్పక అట్లే యున్నది. తిరుగ కలుపువారు లేరు. రావలెను.'

"ఇదేం ప్రకటనండీ, నలుగురూ నవ్వుతారు," అని హెడ్డు గొణిగెను. అక్షరములు కూర్చువాడును, పచ్చళ్లకంపెనీ ప్రకటన కలిసిపోయినదేమోయని ప్రూఫు పట్టుకొని పైకి వచ్చెను. నేను మార్చలేదు. కాని ఆ పంక్తిని కాపాడు ధ్యాసలో తక్కినది సరిగా చూచుకొననైతిని. వయస్సు 57 అని వ్రాసినది 75గా అచ్చయినది. తప్పు నాదే.

ప్రకటన మూడుదినములు పడవలసియుండెను. రెండవనాటి సాయంత్రము, బల్లమీద లైటు వేయుచుండగా, ఎదుటికుర్చీలో ఒకాయన కూర్చుండి యుండెను. ఎప్పుడు వచ్చెనో నేను చూడలేదు. గుమ్మమువద్ద కూర్చుండు ప్యూను కూడ చూడలేదు. జేబునుండి కత్తిరించిన ప్రకటన తీసి బల్లమీద పరచి, మెల్లగా అడిగెను:

"జాడీ సంగతి మీకు చెప్పిందెవరండీ?"

వార్త యెవరిచ్చిరో చెప్పుట మా వృత్తిలో కూడ లేదంటిని. ఆయన తలయూపెను; నా సమాధానము ఆయనకు నచ్చినట్లే తోచినది. ఇన్నిదినములు ఎక్కడ ఉంటిరని నేనడుగలేదు, ఆయన చెప్పలేదు. హెడ్డుగారికి కబురు చేయుదునా అంటిని. "వాళ్లు కింద టీకొట్లో ఉన్నారు. వాళ్లు నన్ను చూడలేదు," అనెను. ఆపిమ్మట నా పెన్సిలు తీసికొని, "రేపు కూడా పడుతుందిగా, దిద్దుకోండి," అని ప్రకటనపైకి వంగెను.

ఆ కాగితము నా వద్ద ఇప్పటికిని ఉన్నది. 75 కొట్టివేసి 57 అని వ్రాసెను. ఎత్తు అయిదడుగుల ఆరంగుళములనుదానిని అయిదడుగుల నాలుగున్నర చేసెను. బూడిదరంగు చొక్కా కొట్టివేసి, నీలిగళ్ల చొక్కా అని వ్రాసెను. చివరిపంక్తివద్ద పెన్సిలు చాలసేపు నిలిచినది. అక్కడ ఒక్క మార్పు కలదు. 'జాడీ' అనుచోట 'జాడీలు' అని దిద్దెను, రెండట.